పిల్లర్ ఎవరిది

నీలగగన్ సొసైటీకి సెక్రెటరీ కావాలని విశాలాక్షి ఎప్పుడూ అనుకోలేదు. అవుతారా అని ఆమెను అడిగినవాళ్ళూ లేరు. పాత సెక్రెటరీ ఫ్లాటు అమ్ముకుని నవ్‌సారి వెళ్ళిపోతూ, తాళాల గుత్తి, రబ్బరు స్టాంపు, రెండు దుమ్ముపట్టిన ఫైళ్ళు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాడు. "మీరు గవర్నమెంటు ఆఫీసులో చేశారు కదా బెన్, ఇవన్నీ మీకు అలవాటే" అన్నాడు, గుజరాతీ పద్ధతిలో అక్కా అన్నట్టు పిలుస్తూ. ఆమె వంటింట్లో పోపు వేస్తోంది. అది మాడకుండా స్టవ్ కట్టేసి బయటికి వచ్చేసరికి అతను సామాన్ల టెంపో ఎక్కేశాడు. తర్వాతి మీటింగులో చైర్మన్ ఠాకోర్‌భాయ్ ఈ సంగతి చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఎన్నిక అయిపోయింది.

విశాలాక్షిది కాకినాడ. పెళ్ళయ్యాక భర్త భుజంగరావుతో సూరత్ వచ్చింది. ఆయన రైల్వేలో గూడ్స్ గార్డు. ఆమె ఇక్కడే పరీక్ష రాసి ఒక కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైంది. గుజరాతీ ఆఫీసులోనే వచ్చింది. బాగానే మాట్లాడుతుంది కానీ, ఆమె నోట్లో ప్రతి గుజరాతీ మాటా అచ్చుతో ముగుస్తుంది. కాగితం సరిగ్గా పెడితే ఎప్పటికైనా పని అవుతుందన్నది ఆ ఉద్యోగం ఆమెకు నేర్పిన నమ్మకం. భుజంగరావుకు అటువంటి నమ్మకాలేవీ లేవు. సిగ్నల్ పడేదాకా బండి కదలదు, ఈలోగా బ్రేక్‌వ్యానులో నిలబడి తిట్టుకుని లాభం లేదు, అనేది ఆయన ధోరణి.

సొసైటీ అడాజన్‌లో, పెద్ద బస్సుల రోడ్డుకి ఒక సందు లోపల ఉంది. కింద వరసగా దుకాణాలు, వాటి మీద నాలుగంతస్తుల ఫ్లాట్లు. సెక్రెటరీ అయిన మర్నాటి నుంచే విశాలాక్షి ఫోను మోగడం మొదలైంది. పైవాళ్ళ బట్టల నీళ్ళు కిందివాళ్ళు ఆరబెట్టుకున్న అప్పడాల మీద పడుతున్నాయని ఒకరు. పార్కింగులో నా చోట ఎవడో స్కూటర్ పెట్టాడని ఇంకొకరు. పావురాలకు గింజలు వేసే ఆవిడ ఒకరుంటే, ఆ పావురాలను తరిమే ఆవిడ ఎదురు ఫ్లాట్లోనే ఉంది. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఇద్దరూ విశాలాక్షితోనే మాట్లాడతారు.

"ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆదివారమైనా సెలవుండేది" అని ఆమె విసుక్కునేది.

ఇవన్నీ ఎలాగో గడిచిపోయేవే. అసలు గొడవ ఒకరోజు పొద్దున వాచ్‌మన్ లక్ష్మీరాజం తలుపు కొట్టడంతో మొదలైంది. లక్ష్మీరాజం జగిత్యాల దిక్కు మనిషి. పాండేసర మిల్లులో బట్టలకు రంగులేసే పని చాలాకాలం చేసి, దగ్గు పట్టుకుని మానేసి, ఈ కొలువులో కుదురుకున్నాడు. భేస్తాన్ నుంచి రోజూ సైకిల్ మీద వస్తాడు.

"అమ్మా, జర కిందికి రండ్రి. లోచో శెట్ దుకాన్ల గోడ పలగ్గొడుతుండ్రు" అన్నాడు.

"ఎందుకని అడిగావా?"

"నేనేడ అడుగుతనమ్మా. అడిగితె నువ్వెవలురా అంటడు. మీరైతే సెక్రెటరి."

లోచో శెట్ అంటే ధన్‌సుఖ్‌భాయ్. శనగపిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె పోసి, సేవ్ అనే సన్న కారప్పూస చల్లి వేడివేడిగా పెట్టే లోచో అంటే సూరత్‌లో జనానికి ప్రాణం. ఆదివారం పొద్దున ధన్‌సుఖ్‌భాయ్ దుకాణం ముందు వరస సందు చివరిదాకా ఉంటుంది. పక్కనున్న దర్జీ దుకాణం ఈమధ్యే ఆయన కొన్నాడు. రెండూ కలిపి పెద్దది చేయాలని ఆయన ఆశ.

విశాలాక్షి దుకాణం ముందు అడ్డం పెట్టిన రేకుల చాటు నుంచి లోపలికి వెళ్ళింది. నడిమి గోడ అప్పటికే సగం పడిపోయింది. ఆ గోడలో ఉన్న పిల్లర్ ఒక్కటే ఇప్పుడు మధ్యలో నిలబడి ఉంది. దానికి ఒక పక్క మనిషెత్తున కాంక్రీటు ఊడగొట్టేశారు. లోపలి ఇనుప చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. ఒక పనివాడు డ్రిల్లు పెట్టి ఇంకా చెక్కుతున్నాడు.

"రండి రండి బెన్" అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్. ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు. "ఎంత విశాలమైందో చూడండి."

"పిల్లర్ ఎందుకు పడగొడుతున్నారు?"

"పడగొట్టడం లేదు. కొంచెం సన్నం చేయిస్తున్నాను. కౌంటర్‌కి అడ్డొస్తోంది."

"ఇంజనీరు చూశాడా?"

"కాంట్రాక్టర్ చూశాడు. ఎన్ని బిల్డింగులు కట్టినవాడో. ఏం కాదన్నాడు."

"దీని మీద నాలుగు అంతస్తులున్నాయి ధన్‌సుఖ్‌భాయ్. ఆపించండి."

ఆయన నవ్వాడు. "బెన్, ఇటు దుకాణం నాది. అటు దుకాణం నాది. మధ్యలో ఉన్నది ఎవరిదవుతుంది మరి?"

ఎంత మామూలుగా అన్నాడంటే, ఒక్క క్షణం విశాలాక్షికి కూడా సమాధానం తోచలేదు. తోచేసరికి డ్రిల్లు మళ్ళీ మొదలైంది. ఎవరి మాటా ఎవరికీ వినిపించలేదు.

ఆమె మెట్లెక్కి ఇంటికి చేరిన కాసేపటికే లోచో పొట్లం వచ్చింది. కమిటీలో అందరి ఇళ్ళకూ వెళ్ళిందని తర్వాత తెలిసింది.

"వేడిగా ఉంది, తినవేం?" అన్నాడు భుజంగరావు, అప్పటికే సగం ఖాళీ చేసి.

"మీరు తినేది ఏమిటో తెలుసా అండీ? లంచం."

"లంచమైతే నాకెందుకిస్తారు? నాకు ఓటు కూడా లేదు. ఫ్లాటు నీ పేరున ఉంది."

విశాలాక్షి మీటింగు పిలిచింది. పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించింది. కోరానికి సరిపడా మనుషులు రాలేదు. రాకపోతే అరగంట ఆగి, వచ్చినవాళ్ళతోనే జరపవచ్చని నిబంధనల్లో ఉంది. ఆ అరగంటలో వచ్చినవాళ్ళు కూడా ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. ఒకాయన కుక్కర్ పెట్టి వచ్చానన్నాడు. రెండోసారి పిలిస్తే కొంత నయం. జరీ వ్యాపారం చేసి మానుకున్న చైర్మన్ ఠాకోర్‌భాయ్ వచ్చి మధ్యలో కూర్చున్నాడు.

"ధన్‌సుఖ్ మంచివాడు. మనవాడు. నెమ్మదిగా చెబుదాం" అన్నాడాయన.

"నేను చెప్పాను. నెమ్మదిగానే చెప్పాను. పిల్లర్ తనదంటున్నాడు" అంది విశాలాక్షి.

దాంతో మాట పిల్లర్ మీదికి మళ్ళింది. దుకాణంలో ఉంది కనుక దుకాణదారుదే అన్నాడొకాయన. కాదు, పైకప్పు కింది వైపు ఆయనది, పై వైపు మనది అన్నాడు ఇంకొకాయన. మరి కప్పు మధ్యలో ఉన్న కాంక్రీటు ఎవరిదని మూడో ఆయన అడిగాడు. తమాషాకి కాదు, నిజంగానే అడిగాడు. మిగతావాళ్ళు నిజంగానే ఆలోచించారు.

"పిల్లర్ అందరిదీ. అది లేకపోతే ఎవరిదీ ఏదీ ఉండదు" అంది విశాలాక్షి.

"బాగా చెప్పారు బెన్. కానీ అలాగని ఎక్కడ రాసి ఉంది?"

ఆమె నిబంధనల పుస్తకం తెరిచి చూపించింది. బిల్డింగు బలానికి హాని కలిగించే మార్పులు ఏ సభ్యుడూ చేయరాదని అందులో స్పష్టంగా ఉంది. ఠాకోర్‌భాయ్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, "సభ్యుడు అని ఉంది కదా. దుకాణాలు బిల్డర్ వేరే దస్తావేజుతో అమ్మాడు. ధన్‌సుఖ్ సభ్యుడా కాదా అన్నది ముందు తేలాలి" అన్నాడు.

ఆ సంగతి తేల్చడానికి వకీలు అభిప్రాయం తీసుకోవాలని తీర్మానించి అందరూ లేచారు. వకీలు కొన్నాళ్ళకి చెప్పిన అభిప్రాయం, ఈ విషయాన్ని రెండు విధాలుగానూ వాదించవచ్చునని. ఏ విధంగా వాదించినా కింద డ్రిల్లు మాత్రం ఆగలేదు.

లోచో దుకాణానికి సరిగ్గా పైనున్న ఫ్లాటు చాందినిది. తెలుగు పిల్లే. పుట్టిపెరిగింది సూరత్ కావడంతో ఆమె మాటలో మూడు భాషలు కలిసిపోయి ఉంటాయి. భర్తకు హజీరా దగ్గరి ఫ్యాక్టరీలో షిఫ్టుల డ్యూటీ. ఇంకా మాటలు సరిగ్గా రాని కూతురుంది. ఒక మధ్యాహ్నం ఆ పిల్లను చంకనేసుకుని విశాలాక్షి ఇంటికి వచ్చింది.

"ఆంటీ, ఒక్కసారి వస్తారా? కిచెన్ గోడలో తిరాడ్ పడింది. నిన్న ఇంత లేదు, సాచ్చు చెప్తున్నా. డోర్ కూడా బరాబర్ పడట్లేదు."

విశాలాక్షి వెళ్ళి చూసింది. వంటగట్టు మూలన నేల దగ్గర నుంచి కిటికీ దాకా గోడ ఏటవాలుగా చీలి ఉంది. ఆమె పగులు పక్కన అరచెయ్యి ఆనించింది. కింద డ్రిల్లు నడుస్తున్న అదురు చేతికి తెలిసింది.

"భయం లేదు కదా ఆంటీ?" అంది చాందిని.

"రేపే మునిసిపల్ ఆఫీసుకు వెళ్తాను" అంది విశాలాక్షి.

మర్నాడు ఆమె నగరపాలక జోన్ ఆఫీసుకు వెళ్ళింది. గుమాస్తా మర్యాదగానే మాట్లాడాడు. సొసైటీ తరఫున ఫిర్యాదు అయితే సొసైటీ తీర్మానం కావాలన్నాడు. తీర్మానం చేయరనే కదా ఇక్కడికి వచ్చాను అంది ఆమె. అయితే సొంతంగా రాసి ఇవ్వండి అన్నాడు. రాసి ఇచ్చింది. ఇద్దరు మనుషులు వచ్చి పిల్లర్ చూశారు, ఫొటోలు తీశారు, ప్రమాదమే అన్నారు, ధన్‌సుఖ్‌భాయ్ ఇచ్చిన టీ తాగి వెళ్ళారు. విశాలాక్షికి చాలాకాలం తర్వాత ఆ సాయంత్రం మనసు తేలికపడింది. కాగితం పనిచేసిందని భర్తతో గర్వంగా చెప్పింది.

వారం తిరగకుండా గేటు మీద నోటీసు అంటించారు. బిల్డింగులో ఒక భాగం ప్రమాదకర స్థితిలో ఉన్నది, దాని భద్రతకై తక్షణం చర్యలు తీసుకుని ఇంజనీరు ధ్రువపత్రం సమర్పించవలెను, లేనిచో నీటి కనెక్షన్ నిలిపివేయబడును. బాధ్యులు, సెక్రెటరీ, నీలగగన్ సొసైటీ.

విశాలాక్షి అదే పూట జోన్ ఆఫీసుకు పరిగెత్తింది.

"ఫిర్యాదు చేసింది నేనే, నోటీసూ నాకేనా?"

"మా రికార్డులో బిల్డింగుకు బాధ్యులు సెక్రెటరీయే కదా అమ్మా. ఎవరు పగలగొట్టారన్నది మీలో మీరు చూసుకోవాలి."

అక్కడి నుంచి సహకార సంఘాల రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్ళింది. బిల్డింగు పగుళ్ళు మా పరిధి కాదు, సభ్యత్వం మీద తగాదా అయితే సంఘాల తగాదాలు విచారించే నామినీల బోర్డులో దావా వేసుకోండి అన్నారు. ఎంతకాలం పడుతుందని అడిగితే, అక్కడి ఉద్యోగి జాలిగా చూసి "వేసేస్తే ఎప్పటికో ఒకప్పటికి తేలుతుంది" అన్నాడు. పోలీసు స్టేషన్లో ఇది సివిల్ అన్నారు. ఆటోలో ఇంటికి వస్తూ ఆమె తాపీ నది వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయింది. పక్కన ఎవరూ లేకపోయినా పైకే అనేసింది, "పిల్లర్ మీద నిలబడింది నాలుగు అంతస్తులా, నాలుగు ఆఫీసులా?" డ్రైవర్ అద్దంలోంచి చూసి, ఏం అర్థం కాక, తల ఊపాడు.

ఇంటికొచ్చేసరికి సొసైటీ వాట్సాప్ గ్రూపు నిండిపోయి ఉంది. ఎవరూ ధన్‌సుఖ్‌భాయ్‌ని ఒక్క మాట అనలేదు. నీళ్ళు ఆపేస్తామని రాయించింది సెక్రెటరీ బెన్ అట. ఇంటి సంగతి వీధిలో పెట్టిందట. పావురాలను మేపే ఆవిడా, తరిమే ఆవిడా కలిసి ఆమె ఇంటికి వచ్చారు. వాళ్ళిద్దరూ ఒక మాట మీద నిలబడడం అదే మొదలు.

ధన్‌సుఖ్‌భాయ్ కూడా వచ్చాడు. "నా మీద కోపముంటే నాతో చెప్పాల్సింది బెన్. అందరి మీదికీ తెచ్చారు" అన్నాడు, నిజంగా నొచ్చుకుని.

"చెప్పాను కదా. మొదటి రోజే చెప్పాను."

"అప్పుడు మామూలుగా చెప్పారు."

ఇక చాలనుకుంది విశాలాక్షి. రాజీనామా రాసి ఠాకోర్‌భాయ్ ఇంటికి పట్టుకెళ్ళింది. ఆయన ఉయ్యాలబల్ల మీద కూర్చుని అంతా శ్రద్ధగా చదివాడు.

"చాలా బాగా రాశారు. కానీ నేనొక్కణ్ణే తీసుకోవడానికి వీల్లేదు. సర్వసభ్య సమావేశంలో పెట్టాలి."

"అయితే పెట్టండి."

"సమావేశం పిలవాల్సింది సెక్రెటరీ కదా బెన్."

విశాలాక్షి పిలిచింది. కోరం రాలేదు.

ఆ రోజు ఆమె బియ్యం కడుగుతూ ఏడ్చింది. దుఃఖం కాదు, ఉక్రోషం. భుజంగరావు వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"ఎవరికీ పట్టనిది నీకెందుకు విశాలా? అమ్మేసి ఎక్కడికైనా పోదాం."

"గేటు మీద ఆ నోటీసు పెట్టుకుని ఎవరికమ్ముతారండీ? అమ్మినా, కొన్నవాడి నెత్తిన పడదా? అక్కడ ఆ పిల్ల వంటింటి తలుపు పడట్లేదు. నేను ఎవరితో చెప్పినా అది నా సంగతి కాదంటున్నారు. అది ఎవరి సంగతో చెప్పేవాడు ఈ ఊళ్ళో ఒక్కడూ లేడా?"

భుజంగరావు చేటలో కూరగాయలు తీసుకుని తరగడం మొదలుపెట్టాడు.

మర్నాడు కూరలు కొనుక్కుని వస్తూ విశాలాక్షి గేటు దగ్గర ఆగి ఆ నోటీసు మళ్ళీ చదివింది. తక్షణం చర్యలు తీసుకోవలసినది సెక్రెటరీ అని ఉంది. ఎవరి అనుమతితో తీసుకోవాలో రాయలేదు. బాధ్యత తనదేనని ఊరంతా ఒప్పుకున్నప్పుడు పని కూడా తనదే కదా అనిపించింది. ఆ రోజే చాందిని భర్తకు తెలిసిన ఒక ఇంజనీరును పిలిపించింది. ఆయన దుకాణంలో ఐదు నిమిషాలున్నాడు. పొయ్యిలు ఆర్పించి, జనాన్ని బయట ఉంచి, ముందు కప్పు కింద ఇనుప ఊతలు పెట్టాలి, రిపోర్టు తర్వాత రాసుకోవచ్చు అన్నాడు.

ధన్‌సుఖ్‌భాయ్ కాదనలేదు. సోమవారం చూద్దామన్నాడు. సోమవారం వస్తే బుధవారం అన్నాడు. ఆ తర్వాత పెళ్ళిళ్ళ ఆర్డర్లున్నాయి, ఈ వారం గడవనివ్వండి అన్నాడు.

ఆదివారం పొద్దున లోచో కోసం వరస ఎప్పటిలాగే సందు చివరిదాకా ఉంది. విశాలాక్షి పార్కింగులోని ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి, దుకాణం లోపల ఆ పిల్లర్ పక్కన వేసుకుని కూర్చుంది. ఊతలు తెచ్చిన టెంపో, ఇంజనీరు, ఇద్దరు పనివాళ్ళు బయట ఆగి ఉన్నారు.

"లోచో పెట్టించనా బెన్?" అన్నాడు ధన్‌సుఖ్‌భాయ్, ఏం జరుగుతోందో అర్థం కాక.

"వద్దు. పని మొదలుపెట్టనివ్వండి."

"ఈ జనంలోనా? రేపు."

ఆమె చేతిసంచీలోంచి నోటీసు నకలు తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. గుజరాతీలోనే, ప్రతి మాట చివరా అచ్చు పెట్టుకుంటూ. వరసలో వాళ్ళు మొదట నవ్వుకున్నారు. తర్వాత ఒక ముసలాయన తలెత్తి కప్పు వైపు చూశాడు.

"ఈ పిల్లరేనా?" అని అడిగాడు.

"ఇదే. ఈ చువ్వలు లోపల ఉండాల్సినవి" అంది విశాలాక్షి.

ఆయన చేతిలోని ప్లేటు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఒకామె పిల్లల్ని రెక్క పట్టుకుని బయటికి లాక్కుపోయింది. విశాలాక్షి చదవడం పూర్తి చేసి మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమెకు సిగ్గుగా ఉంది. ఉద్యోగంలో ఎప్పుడూ గొంతెత్తి ఎరగదు. ఇప్పుడు వీధిలో కూర్చుని కూరలమ్మే మనిషిలా అరుస్తున్నానని లోలోపల కుంచించుకుపోతూనే అరుస్తోంది. కాసేపటికి గొంతు బొంగురుపోయింది.

అప్పుడు భుజంగరావు ఇంకో కుర్చీ మోసుకుంటూ వచ్చి ఆమె పక్కన వేసుకున్నాడు. "ఇలా ఇవ్వు, నేను చదువుతా" అన్నాడు. గూడ్స్ బండి ఈ చివర నుంచి ఆ చివరికి కేకేసిన గొంతు ఆయనది. రెండోసారి చదివేసరికి సందు ఖాళీ అయింది.

ధన్‌సుఖ్‌భాయ్ ముఖం ఎర్రబడింది. "నా పొట్ట కొడుతున్నారు" అన్నాడు. ఆయన గొంతు పెరగడం విశాలాక్షి మొదటిసారి వింది.

"ఒక్కసారి నాతో పైకి రండి. వచ్చాక నన్ను ఎన్నైనా అనండి."

లోచో తినేవాళ్ళు ఎవరూ మిగల్లేదు గనుక ఆయన వచ్చాడు. చాందిని తలుపు తీసి, ఇద్దర్నీ చూసి, పక్కకి జరిగింది. వంటింట్లో పసిపిల్ల వంటగట్టు పక్కన పీట మీద నిలబడి, గోడ పగుల్లో చెంచా దూర్చి ఆడుకుంటోంది. చేతులు వదిలేసినా చెంచా అక్కడే నిలబడి ఉంది. ధన్‌సుఖ్‌భాయ్ దాన్ని లాగి పిల్ల చేతిలో పెట్టాడు. పిల్ల నవ్వి, మళ్ళీ పగుల్లోనే దూర్చింది.

ఆయన వంగి, పగులు ఎక్కడ మొదలైందో చూశాడు. నేల దగ్గర మొదలైంది. ఆ నేల కింద ఏముందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కాంట్రాక్టర్ ఏం కాదన్నాడు" అన్నాడు లేచి నిలబడుతూ.

"నాతోనూ మీరు అదే అన్నారు."

"నా మనుషులు ఆ పిల్లర్ దగ్గరే నిలబడి రోజంతా పొయ్యి మీద పని చేస్తారు బెన్."

"అవును."

ఆయన కిందికి దిగి పొయ్యిలు తనే ఆర్పేశాడు. టెంపోలోంచి ఊతలు దింపుతుంటే చేయి వేశాడు. విశాలాక్షికి గెలిచినట్టు అనిపించలేదు. ఒళ్ళంతా నీరసం ముంచుకొచ్చింది. ఇన్ని మీటింగులు, ఇన్ని ఆఫీసులు, ఇంత తగాదా. చివరికి జరగాల్సింది ఒక మనిషి ఒక అంతస్తు మెట్లెక్కి కళ్ళతో చూడడం. ఆ మాట మొదటి రోజే తనకెందుకు తట్టలేదో, తట్టినా ఆయన వచ్చేవాడో లేదో తేల్చుకోలేక ఇంకా విసుగెత్తిపోయింది.

దుకాణం కొంతకాలం మూతపడింది. పిల్లర్ చుట్టూ కొత్త చువ్వలు కట్టి, కాంక్రీటు పోసి బలపరిచారు. ఖర్చు ధన్‌సుఖ్‌భాయ్ పెట్టుకున్నాడు. సన్నం చేయబోయిన పిల్లర్ మునుపటి కంటే లావుగా తయారైంది. కౌంటర్ దాన్ని చుట్టి వంకర తిరిగింది. పని జరిగినన్నాళ్ళూ పుట్టింట్లో ఉన్న చాందిని తిరిగి వచ్చింది. పగులు పూడ్చి, గోడకు రంగు వేయించారు. ఇంజనీరు ధ్రువపత్రం ఇచ్చాక నోటీసు తీసేశారు.

ఆ తర్వాతి మీటింగుకి అందరూ వచ్చారు. కుర్చీలు చాలక కొందరు స్కూటర్ల మీద కూర్చున్నారు. సొంత ఖర్చుతో బిల్డింగును బలపరిచిన ధన్‌సుఖ్‌భాయ్‌కి కృతజ్ఞతలు తెలుపుతూ ఠాకోర్‌భాయ్ తీర్మానం పెట్టాడు. చప్పట్లు మోగాయి. రెండో తీర్మానం, విశాలాక్షి రాజీనామా ఆమోదం. ఊపిరి తీసుకునేలోగా అయిపోయింది. మూడోది, కొత్త సెక్రెటరీ ఎన్నిక. బిల్డింగు పనుల్లో అనుభవం ఉందని ధన్‌సుఖ్‌భాయ్‌నే ఎన్నుకున్నారు. సభ్యుడో కాదో తేలని మనిషి సెక్రెటరీ ఎలా అవుతాడని ఎవరికీ అనుమానం రాలేదు. ఆ ఆదివారం పొద్దున విశాలాక్షి కుర్చీ వేసుకుని కూర్చున్న సంగతి ఎవరూ ఎత్తలేదు.

విశాలాక్షి లేచి నిలబడింది. "ఒక్క మాట రాయించండి. పిల్లర్లు అందరివీ అని."

"అది ఇంకా వకీలు పరిశీలనలో ఉంది బెన్" అన్నాడు ఠాకోర్‌భాయ్, కళ్ళజోడు మడిచి జేబులో పెట్టుకుంటూ.

మెట్లెక్కుతూ భుజంగరావు నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆమె నవ్వలేదు. రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు కూడా. గేటు దగ్గర లక్ష్మీరాజం మాత్రం ఆమెను ఆపి, "గిట్ల చేసిండ్రేందమ్మా మీకు" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమెకు కొంత ఊరట కలిగింది.

వర్షాలు మొదలైన రోజుల్లో ఒక సాయంత్రం ధన్‌సుఖ్‌భాయ్ తలుపు కొట్టాడు. చిక్కిపోయి కనిపించాడు. వస్తూనే సోఫాలో కూలబడ్డాడు.

"బెన్, నాలుగో అంతస్తాయన టెర్రస్ మీద రేకుల షెడ్డు వేస్తున్నాడు. నీళ్ళ ట్యాంకు పక్కనే బోల్టులు దిగగొడుతున్నాడు. అప్పుడే వాన నీళ్ళు కారుతున్నాయి."

"మీరేమన్నారు?"

"టెర్రస్ అందరిదీ అన్నాను. నా ఇంటి మీద ఉన్నది నాది కాకపోతే ఎవరిది అంటున్నాడు."

విశాలాక్షి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన తమాషాకి అనడం లేదు. ఆ మాట ఒకప్పుడు తనే అన్నాడని ఆయనకు గుర్తున్నట్టే ఉంది. చూపు దించేసుకున్నాడు.

"మీటింగు పెట్టారా?"

"రెండుసార్లు. ఎవరూ రాలేదు. ఠాకోర్‌భాయ్ వకీలును అడుగుదామంటాడు. రాత్రీ పగలూ ఫోన్లు. పావురాల గొడవ నేనేం తీర్చగలను? రాజీనామా ఇచ్చేద్దామనుకుంటున్నాను."

"ఎవరికిస్తారు?"

భుజంగరావు లోపలికి వెళ్ళి ముగ్గురికీ టీ పెట్టుకొచ్చాడు. చాలాసేపు ఇద్దరు సెక్రెటరీలూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, సొసైటీలో ఒక్కరినీ వదలకుండా కడుపారా తిట్టుకున్నారు. అంత హాయిగా విశాలాక్షి ఈమధ్యకాలంలో ఎవరితోనూ మాట్లాడలేదు.

తర్వాత ఆమె చెప్పులు వేసుకుంది. "పదండి. ముందు కారుతున్న ఇల్లెవరిదో చూసి, షెడ్డు వేసే మనిషిని అక్కడికి పిలుచుకొద్దాం. వకీలు సంగతి తర్వాత" అంది. ఇద్దరూ పై మెట్ల వైపు నడిచారు. ఎంతసేపు పడుతుందో తెలిసిన భుజంగరావు, అన్నం కుక్కర్లో పెట్టి టీవీ ముందు కూర్చున్నాడు.